తాత దిక్కు, సూది దిక్కు

ఏడాదిలో మూడొందల అరవై నాలుగు రోజులు మా ఇంట్లో నా మాటకి విలువ లేదు. టీవీలో ఏం చూడాలో మనవడు చెబుతాడు. ఏం తినాలో కోడలు చెబుతుంది. ఏం తాగకూడదో మా ఆవిడ హిసానో చెబుతుంది. మిగిలిన ఆ ఒక్క రోజు మాత్రం నాది.

ఆ రోజు సెత్సుబున్. ఫిబ్రవరి మొదట్లో చలికాలాన్ని సాగనంపే పండుగ. వేయించిన సోయా గింజలు చల్లి ఇంట్లోంచి దయ్యాల్ని తరిమేశాక, అందరం తలా ఒక మాకి పట్టుకుని కూర్చుంటాం. నల్లటి నాచు రేకు మీద అన్నం పరిచి, గుడ్డట్టు, దోసకాయ, పుట్టగొడుగులు పెట్టి జానెడు పొడవున చుడుతుంది మా కోడలు సుమియే. దాన్ని కొయ్యకూడదు. అదృష్ట దేవత ఆ ఏడు ఏ దిక్కున ఉంటే అటు తిరిగి, మనసులో ఒక్క కోరిక కోరుకుని, మొదటిసారి కొరికింది మొదలు చివరి మెతుకు మింగేదాకా పెదవి విప్పకుండా తినాలి. మధ్యలో మాట్లాడారో, ఆ కోరిక చెడినట్టే.

దేవత ఏ దిక్కునుందో క్యాలెండర్లో వేస్తారు. ఆ దిక్కు మా ఇంట్లో ఎటు వస్తుందో చూపించేది నేను. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఒక కన్ను మూసి, "అదిగో అటు" అంటాను. అందరూ నోరెత్తకుండా అటు తిరుగుతారు. ముప్ఫై నాలుగేళ్లు పడవ నడిపినవాణ్ణి, దిక్కులు నాకు తెలియక ఎవరికి తెలుస్తాయి! ఒసాకా రేవు దగ్గర నది మీద జనాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దాటించే మోటారు పడవ అది.

"ఈ గట్టూ, ఆ గట్టూ. దానికి దిక్కులతో ఏం పనండీ కెప్టెన్ గారూ?" అంటుంది హిసానో. పడవ నడపడమంటే ఏంటో ఆవిడకేం తెలుసు.

మాది నాలుగో అంతస్తులో ఫ్లాటు. బాల్కనీ దక్షిణం వైపుందని హౌసింగ్ ఆఫీసు వాళ్లిచ్చిన కాగితంలో ఉంది. బట్టలు బాగా ఆరతాయని ఆ ఒక్క మాట చూసే హిసానో నాచేత సంతకం పెట్టించింది. కాబట్టి బాల్కనీ దక్షిణం, దాని వెనకున్న వంటిల్లు ఉత్తరం. మిగతావి చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. ఎదురుగా ఏడో బ్లాకు అడ్డంగా నిలబడి సాయంత్రం సూర్యుణ్ణి ఎటూ కనిపించనివ్వదు గనక, నేను సూర్యుణ్ణి అడిగే పని కూడా పెట్టుకోలేదు. ఇలా ఎనిమిదేళ్లు గడిచాయి.

ఆ ఏడు దేవత దక్షిణానికి కాస్త తూర్పుగా ఉంది. అంటే బాల్కనీలో బట్టలారేసే కర్రకి ఎడమ కొస. సాధారణంగా అక్కడ మా ఆవిడ ఉన్ని లాగులు వేలాడుతుంటాయి.

మధ్యాహ్నం రెండున్నరకి మనవరాలు మినోరి బడి నుంచి వచ్చింది. మూడో తరగతి. బ్యాగు వీపు మీంచి దింపకుండానే మొదలుపెట్టింది.

"తాతా, సూదితో దిక్సూచి చెయ్యొచ్చట! మా టీచర్ చెప్పింది. ఈ ఏడు మనం సరిగ్గా, ఒక్క వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా తిరుగుదాం."

"ఇప్పుడు తేడాగా తిరుగుతున్నామా?"

"అది కాదు తాతా. ఈసారి నా కోరిక చాలా ముఖ్యమైంది."

ఆ కోరిక ఏంటో ఇంట్లో అందరికీ తెలుసు. మా అబ్బాయి యోషిహికోని కంపెనీ వాళ్లు రెండేళ్ల కిందట దూరాన ఉన్న హకాతా ఊరికి బదిలీ చేశారు. అక్కడ ఒక గదిలో ఉంటూ రెండు నెలలకోసారి వచ్చిపోతుంటాడు. మార్చిలో మళ్లీ బదిలీల జాబితా వస్తుంది. అందులో వాడి పేరుంటే ఏప్రిల్ కల్లా ఇంటికొస్తాడు. పోయిన ఏడూ మినోరి ఇదే కోరుకుంది. ఆ జాబితాలో వాడి పేరు లేదు.

సరే, దిక్సూచి అన్నాక నేను ఊరుకుంటానా. పిల్లలకి పని నేర్పడమంటే నాకు సరదా. పైగా నేను చెప్పిందే సూదీ చెబుతుందని నాకు ధీమా. పనిముట్ల పెట్టె తీశాను. పాత రేడియో స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం ఉంది నా దగ్గర, అరచేతి మందాన. హిసానో కుట్టుపెట్టెలోంచి అడక్కుండా ఒక సూది లాగాను.

"నా సూది తీశారా?"

"తీయలేదు."

"తీశారు. నాకు పెట్టె మూత చప్పుడు తెలీదా? వెనక్కి పెట్టకపోతే మీ చొక్కా గుండీ మీరే కుట్టుకుంటారు."

ఆరేళ్ల మనవడు షుంతా సూదిని అయస్కాంతం మీద రంపం లాగినట్టు ముందుకీ వెనక్కీ రుద్దడం మొదలెట్టాడు.

"ఒరే ఒరే, అలా కాదురా! ఒకవైపే రుద్దాలి. ఇటు నుంచి అటు, తర్వాత ఎత్తెయ్. మళ్లీ ఇటు నుంచి అటు. ముందుకి రుద్ది వెనక్కి రుద్దితే నువ్వు చేసింది నువ్వే చెరిపేస్తున్నట్టు."

"ఎన్నిసార్లు?"

"నలభై."

"నాకు ముప్ఫై దాకే వచ్చు."

"ముప్ఫై రుద్ది అక్కకివ్వు. మిగతా పది అది రుద్దుతుంది."

కొట్లో చేపలు పెట్టి అమ్మే తెల్లటి తేలిక ట్రేలోంచి నేను నాణెమంత ముక్క కోశాను. సూదిని దాని మీద పడుకోబెట్టి, చిన్న టేపు ముక్క అంటించాం. షుంతా వెళ్లి సుకియాకి మాంసం కూర వండే ఇనప మూకుడు ఎత్తుకొచ్చాడు, రెండు చేతులా మోస్తూ, మొహం ఎర్రగా చేసుకుని.

"ఇందులో నీళ్లు పోద్దాం తాతా!"

"ఇనుం పనికిరాదురా. ఇనుం గానీ, అయస్కాంతం గానీ దగ్గరుంటే సూది వాటినే చూస్తుంది, దిక్కుని చూడదు. మిసో సూపు తాగే చెక్క గిన్నె పట్రా. అయస్కాంతం కూడా దూరంగా పెట్టాలి. అర్థమైందా?"

"అర్థమైంది," అంది మినోరి, నోటు పుస్తకంలో రాసుకుంటూ. ఆ పిల్ల ఏది చెప్పినా రాసుకుంటుంది. ఆ రోజు దాని చేతిలో పెన్సిల్ లేకుండా ఉంటే నాకు చాలా మేలు జరిగేది.

గిన్నెలో నీళ్లు పోసి, ముక్కని వదిలాం. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. సూది మెల్లగా తిరిగింది, కొంచెం దాటిపోయింది, వెనక్కొచ్చింది, ఆగింది. షుంతా వేలితో తిప్పేశాడు. మళ్లీ తిరిగొచ్చి అక్కడే ఆగింది. ఇంకోసారి తిప్పేశాడు. మళ్లీ అక్కడే.

"మొండిది," అన్నాడు వాడు మెచ్చుకోలుగా.

నేను సూది కొసల వెంట చూశాను. సూది వంటింటి కిటికీనీ చూడడం లేదు, బాల్కనీనీ చూడడం లేదు. ఒక కొస బియ్యం డబ్బా ఉన్న మూలకీ, ఇంకో కొస టీవీ ఉన్న మూలకీ పెట్టి ఏటవాలుగా కూర్చుంది.

"తాతా, బాల్కనీ దక్షిణం అన్నావుగా?"

"సూది సరిగ్గా రుద్దలేదు. షుంతా ముప్ఫై అని పదిహేనే రుద్దుంటాడు."

"నేను ముప్ఫై రుద్దాను! ముప్ఫై ఒకటి కూడా రుద్దాను!"

మళ్లీ నలభై రుద్దాం. ఈసారి నేనే రుద్దాను. సూది మళ్లీ బియ్యం డబ్బా, టీవీ.

అప్పుడు సుమియే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మా కోడలు నాకు ఎదురు చెప్పే మనిషి కాదు. అదే నా ఖర్మ. ఎదురు చెప్పనివాళ్లు నోరు విప్పారంటే ఆ మాట నిజమై ఉంటుంది.

"మామయ్యా, అనకూడదేమో గానీ... ఉత్తరం వైపు కిటికీలోంచి చలికాలంలో ఎండ పడదు కదా? మరి పొద్దున్నే వంటింట్లో నా ముల్లంగి దుంపల మీద ఏటవాలుగా ఎండ పడుతుంది."

"ఎప్పట్నించి?"

"మనం ఈ ఇంట్లోకి వచ్చినప్పట్నించి."

"మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదమ్మాయ్?"

"మీరు చెప్పారు కదా, అందుకని ఊరుకున్నాను."

హిసానో ఉన్ని అల్లుతూ పకపకా నవ్వింది. "అంటే ఎనిమిదేళ్లుగా మనం దేవతకి వీపు చూపిస్తున్నాం అన్నమాట!"

"వీపు కాదు, బామ్మా," అంది మినోరి. ఎండ పడేది తూర్పు వైపు నుంచి గనక సూదిలో ఏ కొస దక్షిణమో అది తేల్చేసుకుంది. స్కేలు పెట్టి నోటు పుస్తకంలో గీత గీసింది. "భుజం. దక్షిణం టీవీ వైపు. అక్కణ్ణించి కాస్త తూర్పుకి అంటే..."

అందరం ఆ గీత వెంట చూశాం. అది తిన్నగా వెళ్లి టాయిలెట్ తలుపు దగ్గర ఆగింది.

షుంతా కింద పడి దొర్లాడు. "దేవత టాయిలెట్లో ఉంది! దేవత టాయిలెట్లో ఉంది! ఒంటేలుకెళ్లాలంటే తలుపు కొట్టాలా తాతా?"

నేనూ నవ్వేసేవాణ్ణే. ఎనిమిదేళ్లు తప్పు చూపించానే అని కాసేపు ఏడిపిస్తారు, తర్వాత మర్చిపోతారు. కానీ మినోరి నవ్వలేదు. పెన్సిల్ కొస నోట్లో పెట్టుకుని, నా వంక చూడకుండా, చాలా మెల్లగా అడిగింది.

"అయితే పోయినేడు నేను కోరుకున్నది దేవతకి వినపడలేదా? అందుకేనా నాన్న రాలేదు?"

హిసానో చేతిలో అల్లిక ఆగిపోయింది. కంపెనీల బదిలీలకీ మాకి తినే దిక్కుకీ సంబంధం ఏముంటుంది అని పెద్దవాళ్లం అనుకోవచ్చు. తొమ్మిదేళ్ల పిల్లకి అలా చెబితే ఈ ఏటి కోరిక కూడా ఉత్తదేనని చెప్పినట్టు. చెప్పకపోతే వాళ్ల నాన్నని హకాతాలో ఉంచేసింది నేనేనని ఒప్పుకున్నట్టు.

"సూది తప్పు," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "కొత్తగా అయస్కాంతం ఎక్కిన సూది కాసేపు కుదురుకోదు. రాత్రి భోజనాల వేళకి సర్దుకుంటుంది. అప్పుడు చూద్దాం."

ఇలాంటిదేదీ లేదు. నోటికొచ్చింది చెప్పాను. మినోరి అది కూడా నోటు పుస్తకంలో రాసుకుంది.

భోజనాల వేళకి నేను దళసరి దూది కోటు వేసుకుని కూర్చున్నాను. పొడుగు చేతుల చొక్కా ఎడమ చెయ్యి లోపల, మణికట్టు దగ్గర, రేడియో అయస్కాంతం చేతిరుమాలుతో కట్టి ఉంది. కొట్లాడుకున్నా, కేకలేసుకున్నా, జీవితంలో నేను దొంగపని చేసింది తక్కువ. అందుకే చేతకాలేదు. కూర్చోగానే టేబుల్ మీదున్న బిస్కట్ డబ్బా రేకు మూత టప్పుమని నా చేతికి అంటుకుంది. దగ్గి, ఊడబీక్కుని, పక్కన పెట్టాను. హిసానో నన్నూ, మూతనీ మార్చి మార్చి చూసింది.

మినోరి గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. నేను చెయ్యి పక్కకి జరిపి, ఎంత దూరం పెడితే ఎంత తిరుగుతుందో చూసుకుంటూ, సూదిని బాల్కనీ వైపుకి లాక్కొచ్చాను. ట్రే ముక్క కూడా గిన్నె అంచుకి జరిగిపోతుంటే కాస్త వెనక్కి తగ్గాను.

"చూశారా? సర్దుకుంది. బాల్కనీ దక్షిణం. నేను చెప్పలేదూ?"

"ఔనే!" అన్నాడు షుంతా, దేవత టాయిలెట్లోంచి వెళ్లిపోయినందుకు దిగులుగా.

సుమియే సూదినీ, కిటికీనీ చూసి, పెదవి కొరుక్కుని ఊరుకుంది. మినోరి గిన్నె మీదికి వంగి చాలాసేపు చూసింది. తర్వాత తల ఊపి, తన మాకి తీసుకుంది.

అందరం ఉన్ని లాగుల వైపు తిరిగాం. హిసానో "మొదలు" అంది. అదే చివరి మాట.

అసలు చిక్కు అప్పుడే తెలిసింది నాకు. మాకి రెండు చేతులతో పట్టుకోవాలి. చేతులు నోటి దగ్గరకి ఎత్తాలి. ఎత్తితే అయస్కాంతం గిన్నెకి దూరమవుతుంది, సూది గిర్రున టీవీ వైపు తిరుగుతుంది. దింపితే మళ్లీ బాల్కనీ వైపు వస్తుంది. నేను ఒకసారి కొరికితే సూది ఒక చుట్టు. అందుకని చేతులు బల్ల మీదే ఉంచి నోటినే మాకి దగ్గరకి వంచి, మెడ సాచి కొరకడం మొదలుపెట్టాను. పక్కనుంచి హిసానో ఊపిరి విచిత్రంగా వినపడింది. నవ్వు ఆపుకుంటోంది. నవ్వితే కోరిక పోతుంది గనక ముక్కుతో గాలి వదులుతోంది.

ఇదంతా ఎవరూ చూడడం లేదు కదా అని మినోరి వైపు చూశాను. కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. బుగ్గలు ఉబ్బి, గడ్డం మీద అన్నం మెతుకు ఒకటి అంటుకుని ఉంది. నాలుగు మెతుకులు నమిలి, ఆగి, పెదవులు కదలకుండా లోపల్లోపల ఏదో చెప్పుకుని, మళ్లీ నములుతోంది. వాళ్ల నాన్న కోసం. దానంత కష్టపడి ఎవరూ ఏదీ అడిగి ఉండరు. దాన్ని ఆరేసిన లాగులకి మొర పెట్టుకునేలా కూర్చోబెట్టింది ఎవరు? నేను. నామీదకి మాట రాకూడదని.

నామీద నాకే అసహ్యం వేసింది. మాకి బల్ల మీద పెట్టేశాను.

"ఆపండి!" అన్నాను. "అటు కాదు! అబద్ధం చెప్పాను. ఇటు తిరగండి, టాయిలెట్ వైపు! సుమియే చెప్పిందే నిజం. సూది తప్పు కాదు, నాదే తప్పు."

చేతిరుమాలు విప్పి అయస్కాంతం తీసి గదికి అవతలికి దొర్లించాను. గిన్నెలో సూది ఊగి ఊగి టీవీ మూలకి తిరిగి నిలబడింది.

నోళ్లనిండా అన్నంతో నలుగురూ నన్ను చూశారు. తిట్టాలని ఉంది, తిట్టలేరు. హిసానో కళ్లతోనే నన్ను నాలుగు తిట్టి, మోకాళ్ల మీద గిర్రున తిరిగింది. సుమియే తిరిగింది. షుంతా ఆనందం పట్టలేక, మాకిని నోట్లో అడ్డంగా కరుచుకునే, టాయిలెట్ తలుపుకి దణ్ణం పెట్టాడు.

మినోరి మాత్రం తిరగలేదు. బాల్కనీ వైపే కూర్చుని, కళ్లు తెరిచి నన్నే చూస్తూ నములుతోంది.

వినపడలేదేమో అనుకున్నాను. చేత్తో సైగ చేశాను. అయినా కదల్లేదు. అయ్యో, మొత్తం అయిపోయేలా ఉందే, సగం పైన తినేసింది! కంగారుపడి నేనే టాయిలెట్ తలుపు వైపు తిరిగి, "ఇలా, ఇలా" అని చూపించాను. నేను తిరిగిన వెంటనే అదీ తిరిగింది. నా పక్కనే, మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని, మిగిలింది తినేసింది.

చివరి మెతుకు మింగడం ఆలస్యం, ఒకేసారి అందరూ విరుచుకుపడ్డారు.

"అయస్కాంతం చేతికి కట్టుకున్నారు, ఈ వయసులో!" అంది హిసానో కళ్లు తుడుచుకుంటూ. "నవ్వు ఆపుకుని ఆపుకుని నా పక్కటెముకలు విరిగిపోయాయి. చివరికి మధ్యలో మీరే మాట్లాడేశారు, మీ కోరిక పోయింది చూడండి."

"పోనీలే. నేనూ అదే అడిగాను. నలుగురు అడిగింది చాలదా ఆ దేవతకి?"

"నేను అది అడగలేదు, రోబో బొమ్మ అడిగాను," అన్నాడు షుంతా.

"అయితే ముగ్గురు," అన్నాను.

సుమియే నవ్వుతూ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లింది. మినోరి ఇంకా నా పక్కనే ఉంది. దాని మొహంలోకి చూసే ధైర్యం లేక సూదిని చూస్తూ అడిగాను.

"నేను మోసం చేస్తున్నానని నీకు ఎప్పుడు తెలిసిందే?"

"మొదట్లోనే. నీ చెయ్యి జరిగితే సూది జరిగింది. దగ్గర అయస్కాంతం ఉంటే దాన్నే చూస్తుందని నువ్వే చెప్పావుగా, రాసుకున్నాను."

"తెలిసి కూడా అటు తిరిగి కూర్చున్నావా? నీ కోరిక అంత ముఖ్యం అన్నావు. నేను ఇటు తిరగండ్రా అని అరిచినా తిరగలేదేం?"

మినోరి గడ్డం మీది మెతుకు వేలితో తీసి నోట్లో వేసుకుంది.

"నువ్వింకా అటే ఉన్నావుగా తాతా. అక్కడ నాన్న రోజూ ఒక్కడే తింటాడు. ఇంట్లో నువ్వు కూడా ఒక్కడివే ఒకవైపు కూర్చుని తింటే ఎలా?"

దాన్ని దగ్గరకి లాక్కుని, ఆ చిన్న తల మీద నా గడ్డం ఆనించాను. కళ్లు కారుతుంటే సోయా గింజల పొట్టు పడిందన్నాను. అది నా కోటు అంచుతో నా మొహం తుడిచి, "ఔను తాతా, పొట్టే," అంది.